పదహారు అక్షరాల తెర

టంకం మాస్టారు ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. రేడియోల నుంచి ఇన్వర్టర్ల దాకా ఊడిన ప్రతి తీగనూ అతికించి పెడతాడని వీధివాళ్లు తగిలించిన పేరది. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్య పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లెక్కడానికి బద్ధకించి ఆయన ఒక యంత్రమే తయారు చేశాడంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నాలుగేళ్ల కింద జ్వరం వచ్చి ఆయన భార్యకు చెవులు పోయాయి. అంతకుముందు పాతికేళ్లు ఆయన పక్కనే కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టింది, వాగుడుకాయలా కబుర్లు చెప్పింది. తర్వాత దుకాణానికి రావడం మానేసింది. ఫోనులో సందేశాలు చూసే అలవాటూ ఆవిడకు అబ్బలేదు. అందుకని ఆయన అరచేయంత కంప్యూటర్ బోర్డుకు రెండు వరుసల చిన్న తెర కలిపి, డబ్బాలో బిగించి వంటింటి గోడకు తగిలించాడు. వరుసకు పదహారు అక్షరాలే పడతాయి. కింద కంప్యూటర్లో కొట్టిన మాట పైన కనిపించేది.

పోయిన సోమవారం కరెంటు ఎక్కువై ఆ బోర్డు కాలిపోయింది. సందేశం వెళ్లలేదని దుకాణంలోని కంప్యూటర్ చెప్పగానే ఆయన కంగారుపడ్డాడు. భార్యతో ఆయనకు మిగిలిన మాటామంతీ అదొక్కటే. డబ్బా ఊడదీసి కిందికి తెచ్చాడు. పాతరకం బోర్డు ఎక్కడా దొరక్క కొత్తరకం కొన్నాడు.

చూడ్డానికి రెండూ కవలలే. అవే నలభై పిన్నులు, అదే చోట. తీగలు ఉన్నవి ఉన్నట్టు తగిలించాడు. పాత ప్రోగ్రాం మాత్రం మొరాయించింది. కొత్త బోర్డులో పిన్నుల పెత్తనం వేరే చిప్పుకు అప్పగించారట. ప్రోగ్రాం మాత్రం ఖాళీ చేసి పోయినవాళ్ల తలుపు తడుతూ కూర్చుంది. ఈ ముక్క తెలుసుకోవడానికే ఆయనకు రెండు రోజులు పట్టింది.

మధ్యలో విడిభాగాల దుకాణాయనకు ఫోను చేశాడు.

"రంగుల తెర కొనుక్కోండి మాస్టారూ, ఇంకా ఆ చాదస్తం దేనికి?" అన్నాడాయన.

"మా ఆవిడ దీనికి అలవాటు పడిందయ్యా."

మూడోరోజు కొత్త చిప్పుకు తగ్గట్టు ప్రోగ్రాం మార్చాడు. ఒక్క తప్పూ చూపకుండా నడిచింది. తెర వెనక దీపం వెలిగింది, అక్షరం ఒక్కటీ రాలేదు. తీగలు మార్చాడు, టంకం కరిగించి మళ్లీ పెట్టాడు, బోర్డు చేసినవాడి వంశాన్నంతా తిట్టాడు. అక్షరాల నలుపు పెంచి తగ్గించే చిన్న మర ఒకటి తెర వెనక ఉంటుంది. దాని జోలికే పోలేదు. అది తాను స్వయంగా సరిచేసిన మర. ఈ పనివాళ్లంతా ఇంతే, తమ చేత్తో చేసింది తప్ప లోకాన్నంతా అనుమానిస్తారు.

మధ్యాహ్నం దాటాక, ఇక చేసేదేమీ లేక దాన్నీ తిప్పి చూశాడు. పరీక్షకు కొట్టిన మాట నల్లగా తేలింది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, కనపడలేదంతే. అప్పటిదాకా మర చివరికంటా వెనక్కి తిప్పేసి ఉంది. అది దానంతటది తిరగదు.

డబ్బా పట్టుకుని పైకి వెళ్లాడు. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి ఆవిడ అర్థం చేసుకుంటుంది. ఇన్నాళ్లూ ఆయనకు ఆ ఓపికే లేదు.

"ఈ మర నువ్వు తిప్పావా?"

"తిప్పాను. ఎండాకాలంలో. ఆరు నెలలైంది."

"ఎందుకు?"

"రోజూ అదే కదండీ. ఆలస్యమవుతుంది, తినేయి. ఇంకో మాట వస్తుందేమోనని చాన్నాళ్లు చూశాను. విసుగొచ్చింది."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"మీకే తెలుస్తుందనుకున్నాను. రోజూ దాని కిందే కూర్చుని తింటున్నారుగా."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆరు నెలలు ఖాళీ తెర కింద కంచం పెట్టుకుని, ఒక్కసారి కూడా తలెత్తలేదు. సిగ్గుకన్నా ఎక్కువగా భయం వేసింది.

ఆవిడ పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఎలాగూ వచ్చారుగా. చెప్పండి."

"ఈ కొత్త బోర్డు ఉంది చూశావూ..."

"బోర్డు సంగతి కాదు."

ఆయన డబ్బా పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు, ఎదురుచూస్తూ కూర్చుంది.