ఎవరూ చూడని టేబుల్ రోజ్

2023 ఎండాకాలం. హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్లే హైవే పక్కన, సూళగిరి దాటాక నా నర్సరీ. ఆ నెలల్లో వచ్చేవాళ్లు అడిగేది ఒకటే: మిద్దె మీద కుండీలో ఎండకు తట్టుకునే మొక్క ఏది? నేను ఎక్కువగా టేబుల్ రోజ్ ఇస్తాను. పాకే చిన్న మొక్క. కండగల ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి ఒక పూట మరిచిపోయినా చావదు.

సరోజమ్మకూ అదే ఇచ్చాను. ఆమె సొంతూరు కల్లావి, వయసు నలభై దాటి ఉంటుంది. భర్త పోయాక ఇక్కడి ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరి, మిద్దె మీది ఒంటి గదిలో అద్దెకు ఉంటోంది.

కొన్నాళ్లకు, నేను గేటు వేసే వేళకు, కుండీని సంచిలో పెట్టుకుని వచ్చింది.

"ఆకులు బాగానే ఉండాయక్కా. ఒక్క పువ్వన్నా పూయలేదు."

బల్బు కింద తిప్పి చూశాను. కొమ్మకొమ్మకూ ముడుచుకుపోయిన రేకులే.

"రోజూ పూస్తానే ఉందమ్మా. పొద్దెక్కినాక విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. నువ్వు పనికి ఎప్పుడు పోతావు?"

"తెల్లారకముందే కంపెనీ బస్సు. వచ్చేసరికి చీకటి పడుతుంది."

"ఆదివారం?"

"ఓటీ డ్యూటీకి పోతాను. రూములో ఒక్కదాన్నే కూర్చొని ఏం చేసేది?"

వాడిన రేకులను వేలితో తడిమింది.

"అయితే ఇన్ని దినాలు వీటిని ఎవరు చూసినారక్కా?"

కుండీని కింద పెట్టాను. ఆమే మళ్లీ అంది: "తలుపు తీసేసరికి ఆడ ఏదో ఒకటి మేలుకొని ఉంటుందని తీసుకపోయినాను."

షేడ్‌నెట్ కింద, అంటే ఎండను సగం ఆపే పచ్చ వల కింద, మొగ్గ తొడిగిన చంద్రకాంతలు ఉన్నాయి. ఒకటి తెచ్చి ఇచ్చాను. సాయంత్రం విచ్చుకుంటుందని, దుంపవేరు కాబట్టి లోతైన కుండీ కావాలని, ఎండకు ఆకులు వాలినా నీళ్లు పోస్తే లేస్తాయని చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే.

"నేను వచ్చేదాకా ఉంటాయా?"

"తెల్లారేదాకా ఉంటాయమ్మా."

కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసింది. "ఇప్పుడే వచ్చినానక్కా. విచ్చుకొని ఉండాయి."

ఫోన్ మాత్రం పెట్టలేదు. అటువైపు చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు. మనుషులెవరూ లేని నర్సరీలో నేనూ అది వింటూ నిలబడ్డాను.

అంతకుముందు వచ్చినవాళ్లను మీ మిద్దె మీద ఎండ ఎంతసేపు ఉంటుందని మాత్రమే అడిగేదాన్ని. ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతున్నాను: మీరు ఇంట్లో ఉండేది ఏ పూట?