నల్ల ఉన్ని కుక్కిన స్టీమరు

వేములపల్లి బీరయ్యకు కృష్ణలో తిరిగిన చక్రాల స్టీమరంటే కట్టుకున్న భార్య కంటే ఎక్కువ. ఈ మాట అన్నది ఎవరో కాదు, ఆ భార్య చంద్రమ్మే. గొర్రెల మందను తమ్ముడికి అప్పగించి, పడుచుతనమంతా ఆ స్టీమరు పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ గడిపాడు. ఏటా గొర్రెల బొచ్చు కత్తిరించగానే నల్ల ఉన్ని ఏరి, తాడులా పేని, కొవ్వు పట్టించి, అడుగు చెక్కల సందుల్లో తనే కుక్కేవాడు. చుక్క నీరు లోపలికి వచ్చేది కాదు.

యజమాని పోయాక స్టీమరు వాడపల్లి రేవులో ఒడ్డుకెక్కి పదేళ్లు పడి ఉంది. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు కోదాడ ఆసామి సత్యనారాయణ దాన్ని కొన్నాడు, మిర్యాలగూడ వడ్లు బెజవాడకు చేరవేయాలని. బాగుచేయడానికి బెజవాడ నుంచి సత్యానందం మేస్త్రీని పిలిపించాడు. బీరయ్యను మాత్రం పిలవలేదు.

ఇక చూడండి అతని కడుపుమంట! రోజూ రేవుకు వచ్చి దూరంగా కూర్చునేవాడు. మేస్త్రీ చక్రాలకు కొత్త రెక్కలు బిగించినా మంటే, బాయిలరు మీద చెయ్యి వేసినా మంటే. అడుగంతా తారు పూసిన రోజున ఇక తట్టుకోలేకపోయాడు.

"నా గొర్ల బొచ్చంత పీకేసి ఏం పత్తి కుక్కిండో! ఇగ అందరు సత్యానందం స్టీమరంటరు," అని చంద్రమ్మ దగ్గర వాపోయాడు.

"అననియ్యి. నీకేం పోతది?" అందామె. ఏం పోతుందో ఆమెకు తెలియక కాదు.

స్టీమరును నీళ్లలోకి దించే ముందురోజు, పనివాళ్లు సద్దిమూటలు విప్పుకున్న వేళ, బీరయ్య కొడవలి పట్టుకుని దాని కిందకు దూరాడు. ఒక్క సందు చాలు, మేస్త్రీ పరువు కృష్ణలో కలుస్తుంది. తారు గీకి, లోపలిది పట్టి లాగాడు. మూరెడు ఊడి వచ్చింది.

నల్లటి ఉన్ని. తన చేత్తో పేనిందే.

వెనక అడుగుల చప్పుడైంది. సత్యానందం!

"నువ్వేనా బీరయ్యవి? ఈ సందుల పని నీదేనని ఆసామి ఇవాళే చెప్పారు. పదేళ్లు ఎండలో ఉన్నా చెక్కుచెదరలేదయ్యా! నేను పైన తారు పూశానంతే. అరెరె, ఇక్కడ ఊడిపోయిందే!"

నోరు మూసుకుంటే గండం గడిచేది. కానీ బీరయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఊడలే మేస్త్రీ. నేనే పీకిన. నీ మీద కుళ్లుతోని పీకిన."

 సత్యానందం సుత్తి, ఉలి తెచ్చి అతని ముందు పడేశాడు.

"పీకినవాడే కుక్కాలి. రేపు దింపేటప్పుడు లోపల, ఈ సందు పక్కనే కూర్చో. నీళ్లొస్తే ముందు తడిసేది నువ్వే."