మూలకు జరిగిన లిఫ్టు

మా పోర్ట్ బ్లెయిర్‌లో ఆరంతస్తులంటే ఆకాశాన్ని అంటినట్టే. మిడిల్ పాయింట్‌లో ఆ ఆఫీసు భవనానికి నక్షా గీసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అడ్డంగా కొట్టే వానకి ప్రతి అంతస్తుకీ లోతైన చూరు పెట్టాం. లిఫ్టేమో ఒక మూలన, దాని నెత్తిన ఎర్ర గది. భవనం టోపీ వంకరగా పెట్టుకుందని ఊరంతా నవ్వుతుంది. నవ్వనీ. ఆ టోపీ పెట్టింది నేనే.

అంతకుముందు అక్కడ ఎర్ర రేకుల కప్పుతో పాత చెక్క ఆఫీసు ఉండేది. చెదలు తినేస్తే కూల్చేశారు. ఏ గోడలు పోవాలో కాగితం మీద గీతలు కొట్టిందీ నేనే. ఆ వారమే చేపల వేటకెళ్లిన నాన్న మా బాంబూఫ్లాట్ ఒడ్డుకి ఖాళీ పడవతో వచ్చాడు. మర్నాడూ అంతే. అమ్మ నిలదీస్తే అప్పుడు నోరు విప్పాడు.

"గురుతు పోనాది. ఆ ఎర్ర రేకు లేకపోతే నా సోటు నాకు దొరకదే."

మావాళ్లకు సముద్రంలో చేపల చోటంటే, పడవలోంచి చూస్తే ఒడ్డుమీది గుర్తులు జతజతగా ఒకే వరసలోకి వచ్చే తావు. నాన్నకు ఆ చోటు తాత ఇచ్చింది. ఫోన్‌లో పెట్టుకోమంటే పదిమందికీ తెలిసిపోతుందని భయం. నాన్న నోటికాడి కూడు నేనే లాగేశానని ఏడ్చాను.

కొత్త నక్షాలో లిఫ్టు మధ్యలో ఉంది. దాన్ని పాత కప్పు కొస ఉన్న చోటికి జరిపి, పైగదికి ఎర్రరంగు వేస్తే చాలు. కానీ ఏ కొస? చోటు రహస్యం కొడుక్కే చెబుతారు. నాన్నకి కొడుకుల్లేరు. కూతురికి చెప్పినవాడు మా వీధిలో లేడు. రెండు రోజులు గింజుకుని, మూడో పొద్దున నన్ను పడవెక్కించాడు. పాత కప్పుకి ఏ కొసో చెప్పాడు, దాని జత గుర్తూ చూపించాడు. ఆ జత ఏమిటో మీకు కూడా చెప్పను.

మా సార్ మెయిన్‌ల్యాండ్ మనిషి. లిఫ్టు మూలకు జరిపిన నక్షా చూసి, ఎందుకన్నట్టు "క్యోం?" అన్నారు.

"మా నాన్న పని కోసం సార్. అంతకుమించి చెప్పలేను."

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన నక్షాని అటూ ఇటూ తిప్పి చూశారు. మధ్యలో ఖాళీ అయితే సముద్రపు గాలి ఈ కొస నుంచి ఆ కొసకి ఆడుతుందన్నారు. "బనా దో" అంటూ, గీసెయ్యమని పెన్సిల్ నా చేతికిచ్చారు.

భవనం లేచేసరికి రెండు వానాకాలాలు పట్టింది. అన్నాళ్లూ నాన్న వేరేవాళ్ల పడవల్లో కూలికెళ్లాడు. ఎర్రరంగు ఆరిన వారం నన్ను మళ్లీ పడవెక్కించాడు. ఇంజిన్ తగ్గించి, ఊరివైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నాను సూడను. లంగరెక్కడెయ్యాలో నువ్వే సెప్పు."

పడవ సాగుతుంటే నేను ఊరివైపే చూశాను. ఎర్ర గది మెల్లగా జరిగి జరిగి తన జత మీదికొచ్చింది.

"ఎయ్యి నాన్నా!"

లంగరు వేశాడు. గేలం దిగిందో లేదో తాడు గుంజింది. నాన్న దాన్ని నా చేతిలో పెట్టాడు.

"లాగమ్మా. ఇంక నీ సోటే గదా."