క్లైవ్ గ్రూపులో మిగిలిన లయల్

లయల్‌కి ఎక్కడినుంచీ కదలడం చేతకాదు. పుట్టినరోజు విందుకి పిలిస్తే, పుట్టినరోజు పిల్లాడు పడుకున్నాక కూడా కుర్చీలోనే ఉంటాడు. రిటైరయ్యాక కూడా తను పనిచేసిన బర్నీ రేవుకి వెళ్లి రోజూ అక్కడే టీ తాగేవాడు. "పుట్టేటప్పుడే మా అమ్మని తిప్పలు పెట్టానట, బయటికి రానని," అని తన మీద తనే నవ్వుకుంటాడు.

చేపల కబుర్లుంటాయనుకుని ఫోన్లో 'మన తీరం మనదే' అనే గ్రూపులో చేరాడు. తీరా చూస్తే అక్కడ వలస వచ్చినవాళ్లని తిట్టడం తప్ప వేరే పనిలేదు. నడిపేది క్లైవ్, రేవులో ఒకప్పుడు లయల్ పక్కనే క్రేన్ తిప్పినవాడు.

"బయటికొచ్చెయ్," అంది భార్య మెర్ల్.

"అదే తెలిస్తే మీ నాన్న వంటింట్లోంచి ఎప్పుడో వచ్చేసేవాణ్ణి, నీకు దొరికేవాణ్ణే కాదు."

కొన్నాళ్లకి యాప్‌వాళ్లు ఆ గ్రూపుని మూసేశారు. వేలమంది సభ్యులు మర్నాటికల్లా కుక్కపిల్లల వీడియోలలో పడి దాన్ని మరిచిపోయారు. మొండివాళ్లు ఇంకో యాప్‌కి మారారు. వెనకాలే లయల్. అక్కడా మూశారు. చివరికి ఏదో మూల నలుగురు మిగిలారు, వాళ్ల మాటలు మాత్రం ఇంకా ముదిరాయి.

"ఇంతకీ మూసేసి లాభమేంటి?" అంది మెర్ల్.

"జనం పోయారు, అది లాభమే. కోపం ఉండిపోయింది. నేనూ ఉండిపోయాను, నా సంగతి తెలిసిందేగా."

ఓ శనివారం పొద్దున్న క్లైవ్ అందులో రాశాడు: 'ఇవాళ ఆ అఫ్గానీల రొట్టెల కొట్టు తగలబెడతా.'

"పోలీసులకి చెప్పు," అంది మెర్ల్ గాబరాగా.

"చెప్పా. వస్తామన్నారు. ఈలోపు వాడింటికెళ్లి కూర్చుంటా."

క్లైవ్ గుమ్మంలో పెట్రోలు డబ్బా ఉంది. లయల్ దాన్ని దాటుకుని వెళ్లి వంటింట్లో కూర్చున్నాడు.

"ఎందుకొచ్చావ్?"

"టీకి."

"నాకు పనుంది. వెళ్లు."

"వెళ్లడం నాకు రాదని రేవంతటికీ తెలుసు కదరా."

టీ అయింది. రెండో టీ అయింది. క్లైవ్ అరిచాడు, తిట్టాడు, చివరికి ఎదురుగా కూలబడ్డాడు. "ఆ పెద్ద గ్రూపు పోయాక ఒక్కడూ ఫోన్ చెయ్యలేదురా," అన్నాడు.

పోలీసులొచ్చి డబ్బానీ, క్లైవ్‌నీ తీసుకెళ్లారు. లయల్ కూడా వెళ్లి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం మెర్ల్ పిండిలో మాంసం కూరి కాల్చిన పైలు పట్టుకుని వచ్చింది. "ఇప్పటికైనా చెప్పు. గ్రూపులోంచి బయటికొచ్చే మీట నీకు నిజంగా కనబడలేదా?"

"మొదటిరోజే కనబడింది. క్లైవ్ మాటలు చెంప మీద కొట్టినట్టే ఉండేవి. కానీ నేనూ వచ్చేస్తే వాడి చుట్టూ అలాంటివాళ్లే మిగులుతారు కదే."

మెర్ల్ పైల సంచీ విప్పింది.

"ఆయన్ని ఇంటికి తీసుకెళ్లండమ్మా," అన్నాడు పోలీసు.

"అది నావల్ల కాదు నాయనా," అంటూ మెర్ల్ ఓ పై తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది లోపలున్న క్లైవ్‌కి ఇవ్వు. వేడిగా ఉంది, నిదానంగా తినమను."

తనూ బెంచీ మీద సర్దుకుని కూర్చుంది.