గంగులమ్మ పట్టిన పట్టు, కంప్యూటర్ పెట్టిన పేచీ

నగరి మరమగ్గాల వీధిలో గంగులమ్మను ఎరగనివాళ్లు లేరు. పనికి మెచ్చి ఎరిగినవాళ్లు కొందరైతే, నోటికి జడిసి ఎరిగినవాళ్లు ఎక్కువమంది. యాభై దాటాక కంప్యూటరు ముందు కూర్చుంది మహాతల్లి. "ఈ వయసులో నీకు కంప్యూటరెందుకే?" అని మొగుడు కుప్పయ్య అడిగాడు. "ఈ వయసులో నీకు మీసానికి రంగెందుకయ్యా?" అని ఆమె అడిగింది. ఆ తర్వాత కుప్పయ్య ఆ మాట ఎత్తలేదు. రంగు మాత్రం మానలేదు.

చీర అంచులకు బొమ్మలు గీయడం గంగులమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. గడుల కాగితం మీద పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ పోతుంది. కొడుకు యువరాజ్ బడికి పోయే రోజుల్లో మామిడిపిందెల అంచు ఒకటి గీసింది. దాన్ని మగ్గానికి ఎక్కించాలంటే అప్పట్లో డిజైన్ సెంటరుకు ఇవ్వక తప్పదు. కుప్పయ్య తీసుకెళ్లి ఆ సెంటరు నడిపే సుకుమార్ చేతిలో పెట్టాడు. ఇంకేముంది! వీళ్ల మగ్గం మీద మొదటి చీర దిగేలోపే వీధి వీధంతా అవే పిందెలు నేస్తోంది. దానికి సుకుమార్ బార్డరు అని పేరు కూడా పడిపోయింది. అడగడానికి పోతే సుకుమార్ నవ్వి, "బొమ్మ మింద పేరు రాసుంటాదా అక్కా?" అన్నాడు.

ఆ నవ్వు గంగులమ్మ కడుపులో అట్లాగే ఉండిపోయింది. తన మగ్గం మీద దిగిన ఆ మొదటి చీరను కట్టుకుందామంటే ఒళ్లు మండేది, పారేద్దామంటే చేతులు రాలేదు. పెట్టె అడుగున పడేసింది.

ఇన్నేళ్లకు కాలం మారింది. మగ్గం పైన బొమ్మలు దించే కొత్త రకం జకార్డు పెట్టె బిగించారు. బొమ్మను పెన్‌డ్రైవులో వేసి దానికి గుచ్చితే చాలు, అదే నేస్తుంది. డిజైన్ గడప దాటాల్సిన పనే లేదు. ఆ సంగతి తెలిసిన రోజే గంగులమ్మ పాత కంప్యూటరు ఒకటి కొనిపించింది. యువరాజ్ సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో షిఫ్టులు చేస్తుంటాడు, వారానికోసారి వస్తాడు. అందుకని కోడలు తేజస్విని పక్కన కూర్చుని నేర్పింది. మౌసు పట్టుకోవడం వచ్చేలోపు అత్తా కోడళ్లు ఎన్నిసార్లు అలిగారో లెక్కలేదు.

కంప్యూటరు ఇంటికి రాగానే గంగులమ్మ చేసిన మొదటి పని, దానికి ముసుగు కుట్టడం. మగ్గాల ఇంట్లో నూలు దుమ్ము నిలువునా ఎగురుతుంది. పడుగుకు గుడ్డ కప్పుతారు, టీవీకి కప్పుతారు, గ్రైండరుకూ కప్పుతారు. మోజున్న వస్తువు ఏదైనా సరే, బట్టలేకుండా ఉంచరు. పెట్టెలోంచి ఆ మామిడిపిందెల చీర తీసి, కత్తిరించి, రెండు పొరలు వేసి, సీపీయూ డబ్బాకు మూడు పక్కలా చక్కగా దిగేట్టు కుట్టింది. మీట నొక్కడానికి ముందువైపు మాత్రం ఇంత కిటికీ వదిలింది. ఆ చీరకు ఇన్నాళ్లకు ఒక పనంటూ దొరికిందని సంతోషపడింది కూడా.

ఇప్పుడామె గీసింది సీతాఫలం అంచు. నారాయణవనం దారిలో గుట్టల మీద కాసే సీతాఫలమే. పండు మీద కన్ను కన్నుకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ వచ్చేట్టు గీసింది. చూసినవాళ్లు వేలు పెట్టి తడిమి చూడాల్సిందే. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చింది. అమావాస్య దాటగానే కొత్త పడుగు అతకాలి. అప్పటికి డిజైన్ చేతికి రావాలి. రాకపోతే మగ్గాన్ని ఖాళీగా పెట్టుకుని కూర్చోలేమని, గడుల కాగితం సుకుమార్‌కు ఇచ్చేస్తానని కుప్పయ్య ముందే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు పేచీ మొదలుపెట్టింది. బొమ్మ గీసినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. గీసిన అంచును చీర పొడవునా అతికించమని చెప్పగానే గుర్రుమంటుంది, తెర నల్లబడుతుంది, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదటినుంచి లేస్తుంది. చేసిన అతుకంతా గంగపాలు. "దీని దుంప తెగ!" అని గంగులమ్మ మళ్లీ మొదలుపెట్టడం, అది మళ్లీ పడిపోయి లేవడం.

రిపేరు షాపు సునీల్‌కుమార్ ముసుగు ఇక్కడే వదిలి ఒక్క డబ్బానే తీసుకెళ్లి, రేకు విప్పకుండానే తన బల్లమీద పెట్టి ఆడించి చూశాడు. అక్కడ పొద్దస్తమానం పెళ్లికూతురిలా కూర్చుంది. ఒక్కసారి కూడా ఆగలేదు. "మిషన్లో ఏమీ లేదమ్మా. మీ ఈదిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడితే కరెంటు ఎగుడు దిగుడుగా వస్తాది, దానికే ఇట్లా" అని తిప్పి పంపాడు. యూపీఎస్ పెట్టించారు. తగ్గలేదు. కుప్పయ్య తన వంతుగా నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి మానిటరుకు వేలాడదీశాడు. దానికీ తగ్గలేదు.

"అమావాస్య రానీ" అంది గంగులమ్మ. అమావాస్యనాడు ఆ వీధిలో మగ్గం ఆడదు. మగ్గాలు ఆడకపోతే కరెంటు నిలకడగా ఉంటుంది కదా, ఆరోజు కూర్చుని పని ముగించాలని ఆమె లెక్క.

"అమావాస్యపూట పని ముట్టుకుంటారా ఎవురైనా?" అన్నాడు కుప్పయ్య.

"మగ్గానికుండాది అమావాస్య. మౌసుకు యాడుండాది?"

అమావాస్య వచ్చింది. వీధిలో చప్పుడు లేదు. పక్కింట్లో తాలింపు వేస్తే ఇక్కడికి వినబడుతోంది. తేజస్విని తలస్నానం చేసి ఇంట్లో ఉన్న వాటన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. కంప్యూటరుకు కూడా ముసుగు మీదనే ఇంత బొట్టు పెట్టింది. గంగులమ్మ దండం పెట్టుకుని కూర్చుంది. అతుకు సగం దాకా నడిచింది. గుర్రుమంది. తెర నల్లబడింది.

"సెప్తే విన్నావా? అమావాస్య!" అని కుప్పయ్య ఫోను తీశాడు. కాసేపటికల్లా సుకుమార్ చొక్కా మడత నలగకుండా వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

"ఎందుకక్కా ఈ వయసులో తిప్పలు? ఆ కాయితం ఇట్లియ్యి. సాయంత్రానికి పెన్‌డ్రైవులో ఏసి నేనే తెచ్చిస్తా" అన్నాడు తియ్యగా.

"ఇచ్చెయ్యవే. రేపు మగ్గం ఆడాలనా, వద్దా?" అన్నాడు కుప్పయ్య.

గంగులమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ నీళ్లు ఏడుపువి కావు, ఒళ్లు మండి వచ్చినవి. "ఇయ్యను. మగ్గం ఆడకపోతే పాయ, నేనే ఆడ కూకోని చేత్తో నేస్తా. ఈ కాయితం మాత్రం నేను బతికుండగా ఈ గడప దాటదు" అంది. సుకుమార్ వైపు చూసి, "వచ్చినావు కదా, కాఫీ తాగు. కాఫీకి మాత్రం మా ఇంట్లో లోటు లేదు" అని లోపలికి వచ్చేసింది.

వచ్చి ఆ డబ్బా ముందు నేలమీద చతికిలబడింది. నేతమనిషి పోగు తెగితే పోగును తిట్టుకుంటూ కూర్చోదు. ఎక్కడ రాసుకుంటోందో చేత్తో తడిమి చూస్తుంది. మగ్గాలు లాగే కరెంటుకు కాకపోతే మరి దేనికి పడిపోతోంది? సునీల్‌కుమార్ బల్లమీద బాగుందే! ఆ బల్లమీద లేనిది, ఈ ఇంట్లో ఉన్నది ఏమిటి? ఆలోచిస్తూ ముసుగు మీద చెయ్యి పెట్టింది. చుర్రుమంది. దోసె పెనం మీద పెట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

పక్కన షెడ్డులో తేజస్విని గాలి మిషనుతో మగ్గాల్లో దుమ్ము కొడుతోంది. అమావాస్య వచ్చిందంటే ప్రతి మగ్గానికీ, ప్రతి మోటారుకూ ఆ సేవ జరగాల్సిందే. తెల్లగా దుమ్ము లేచి కిటికీలోంచి కనబడుతోంది. గంగులమ్మ ఆ దుమ్మును చూసింది, ఈ డబ్బాను చూసింది.

"పాపా! ఆ గాలి మిషను ఈడికి పట్రా!" అని కేక పెట్టింది. "దీనికి బొట్టు పెట్నాము గానీ, ఒక్క అమావాస్యకైనా దుమ్ము కొట్నామా?"

"గుడ్డ కప్పుండాది కదత్తా, దుమ్మెట్లా పోతాది?" అంటూనే తేజస్విని తెచ్చింది.

ప్లగ్గు పీకేశారు. ముసుగు ఊడదీశారు. స్క్రూలు విప్పి పక్క రేకు తీస్తే, అయ్యో రామా! లోపలి ఫ్యాను రెక్కలకు నూలు దుమ్ము దిండులో దూదిలా దట్టంగా పట్టి ఉంది. ముసుగుకు వదిలిన కిటికీలోంచి దూరిన దుమ్ముకు బయటికి పోయే దారే లేకుండా ముసుగు అడ్డం పడింది. దుమ్ము ఒక పక్క, ముసుగు ఒక పక్క, లోపల పుట్టిన వేడి ఎటు పోతుంది? బరువు పని చెప్పినప్పుడల్లా ఉడికిపోయి తల వాల్చేస్తోంది పాపం.

"ముద్దు సేసి సేసి సంపేస్తా ఉండాం కదే దీన్ని!" అని గంగులమ్మ తలమీద చెయ్యి పెట్టుకుంది. మరుక్షణం పకపకా నవ్వింది. తనను తానే తిట్టుకుంది, తిట్టుకుంటూ నవ్వింది.

ఫ్యాను తిరగకుండా తేజస్విని పుల్ల అడ్డం పెట్టింది, గంగులమ్మ గాలి కొట్టింది. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. రేకు బిగించారు. ముసుగు మాత్రం వేయలేదు. మీట నొక్కితే ఫ్యాను సన్నగా పాడింది. గంగులమ్మ అతుకు మొదలుపెట్టింది.

సుకుమార్ కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సగానికి పోయి ఆగిపోతాది సూడన్నా" అన్నాడు కుప్పయ్యతో. కుప్పయ్య తెర దగ్గరికి జరిగాడు. సగం అయింది. సగం దాటింది. సీతాఫలాలు ఒకదాని పక్కన ఒకటి కన్ను విప్పుకుంటూ చీర పొడవునా నడిచాయి, కొంగు దగ్గరికి వచ్చి ఆగాయి. కంప్యూటరు మాత్రం ఆగలేదు.

తేజస్విని చప్పట్లు కొట్టింది. గంగులమ్మ బొమ్మను పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాన్ని పీకి కొంగుముడిలో వేసుకుంది. కుప్పయ్య మీసం దువ్వుకుంటూ పెళ్లాన్ని ఒకసారి, సుకుమార్‌ను ఒకసారి చూశాడు. "కాఫీ తాగినావు కదప్పా, ఇంగ పోయిరా" అన్నాడు.

"ఇంతకీ రోగమేమక్కా దీనికి?" అన్నాడు సుకుమార్, ఊరికే వెళ్లలేక.

గంగులమ్మ నేలమీద పడి ఉన్న ముసుగును తీసి దులిపింది. దుమ్ము అతని చొక్కా మీద పడింది. ముసుగును విప్పి అంచు అతని కళ్లముందు పెట్టింది. నూలు వెలిసిపోయినా మామిడిపిందెలు ఇంకా చెక్కుచెదరలేదు.

"గుర్తు పట్నావా? నీ పేరుతో పోయిన బార్డరే. ఇన్నాళ్లూ నా మిషనుకు ఊపిరాడకుండా సేసింది ఇదే" అని మడిచి అతని చేతిలో పెట్టింది. "తీసకపో, నాయనా. నీ కంప్యూటరుకు కప్పుకో."