పెండింగులో పెట్టిన సీటు

2002వ సంవత్సరం, మిరపకోతలు మొదలయ్యే రోజులు. ప్రత్తిపాడుకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో, బస్సులు ఆగేచోట నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఇళ్ళల్లో ఫోన్లు లేని కాలంలో, డబ్బు కట్టి పైఊళ్ళకు మాట్లాడుకునే చోటు అది. ఒక అద్దాల గది, అందులో ఫోను, బయట నా బల్ల మీద ఎర్ర అంకెలు తిరిగే మీటరు. నాది పోలియో కాలు. వికలాంగుల కోటాలో ఆ బూత్ వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందు, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, పెద్దవాళ్ళ కోసం పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంకెలు తొందరగా పట్టుబడ్డాయి. ఒత్తులు మాత్రం ఇప్పటికీ నన్ను కాస్త ఏడిపిస్తాయి.

ఆ రోజుల్లో పీపీ నంబరు అని ఒకటుండేది. ఫోను లేనివాళ్ళు తమ దరఖాస్తుల మీద మా బూత్ నంబరు వేసి, పక్కన పీపీ అని రాసుకునేవాళ్ళు. ఫోను వస్తే మేం మనిషి చేత కబురు పంపాలి. అవతలివాళ్ళు కాసేపాగి మళ్ళీ చేస్తారు. అద్దాల గదిలో మాట్లాడింది మాకు వినపడుతూనే ఉంటుంది, మావాళ్ళకు ఫోనులో నెమ్మదిగా మాట్లాడటం రాదు. విన్నా విననట్టే ఉండాలి. ఈ సంగతి కూడా పద్మ రాసుకోమన్నాకే రాస్తున్నాను.

పద్మ సాంబయ్యన్న పెద్దకూతురు. సాంబయ్యన్న పొలం కౌలుకు తీసుకుని మిరప, పత్తి వేసేవాడు. పద్మ అప్పుడు పదో తరగతి. గుంటూరులో ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీ ఉండేది. ఇంటరు చదువు, తిండి, హాస్టలు అన్నీ ఉచితం. వాళ్ళు డిసెంబరులోనే సొంతంగా ఒక పరీక్ష పెట్టి, పదో తరగతి పరీక్షలకు ముందే కొన్ని సీట్లు ఇచ్చేసేవాళ్ళు. మిగతా సీట్లు మే నెలలో మార్కులు చూసి ఇస్తారు. పద్మ ఆ ముందు పరీక్ష రాసింది. సాంబయ్యన్న మాట ఒక్కటే. "అక్కడ సీటొస్తే పంపుతా. రాకపోతే చదివింది చాలు. రోజూ బస్సులెక్కి తిరగడాలు మన ఇంట్లో లేవు."

జనవరి చివర్లో కాలేజీ నుంచి కార్డు వచ్చింది. పద్మ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను కూడబలుక్కుని చదివాను. దరఖాస్తును ప్రస్తుతానికి పెండింగులో ఉంచామని, పదో తరగతి ఫలితాల తర్వాత పరిశీలిస్తామని ఉంది.

"ఇంతకీ వచ్చినట్టా, రానట్టా?" అన్నాను.

"అదే తెలియట్లేదత్తా. రాలేదంటే ఏడ్చేసి ఊరుకునేదాన్ని."

ఆ రోజు నుంచి ఆ పిల్ల బడి వదలగానే నా దగ్గరికి వచ్చి కూర్చునేది. ఫోను మోగితే చాలు లేచి నిలబడేది. ఆ సీజనులో ఫోన్లన్నీ మిరప ధరల కోసమే. నేను "గుంటూరు యార్డు నుంచి, సుబ్బారావు గారికి" అనగానే మళ్ళీ కూర్చునేది. పుస్తకం ఒళ్ళోనే ఉండేది కానీ పేజీ తిరిగేది కాదు. కొన్నాళ్ళకు బడి కూడా మానేసి కల్లంలో తాలుకాయలు ఏరడానికి పోతోందని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. తాలంటే తెల్లబారిన మిరపకాయలు. ఎర్రవాటిలోంచి వాటిని ఏరకపోతే సరుకుకు ధర రాదు.

"సీటు రాకపోతే చేసే పని ఇదేగా, ఇప్పుడే అలవాటు చేసుకుంటానంటోంది. నువ్వన్నా చెప్పు కోటమ్మా, నా మాట వినట్లేదు" అని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పద్మ కనపడగానే కేకేశాను.

"ఏమే, పరీక్షలు పెట్టుకుని కల్లంలో కూర్చుంటావా? పెండింగ్ ఎందుకు పెట్టారో వాళ్ళనే అడుగు. ఒక్కసారి అడుగు, మర్యాదగా అడుగు. తర్వాత ఈ బూత్ మొహం చూడకు."

"నాకు భయం. నువ్వూ పక్కనుండత్తా."

ఇద్దరం అద్దాల గదిలో ఇరుక్కున్నాం. అవతల ఆఫీసు క్లర్కు ఎత్తాడు. పద్మ పేరు, హాల్ టికెట్ నంబరు చెప్పింది. ఆయన కాగితాలు తిరగేస్తున్న చప్పుడు నాకూ వినపడింది.

"పరీక్ష బాగానే రాశావమ్మా. కానీ నీ పేరు మీద రికమెండేషన్ వచ్చింది."

"అంటే ఏంటండీ?"

"నీకు సీటివ్వమని మీ ఊరి ప్రెసిడెంటు గారు మా ప్రిన్సిపాల్ మేడం గారికి ఫోన్ చేశారు. సిఫార్సు వచ్చిన వాళ్ళెవరినీ మేడం ముందు ఎంపికలో తీసుకోరు. అందరితో పాటు మార్కులు చూసి తీసుకుంటారు. మళ్ళీ ఎవరన్నా చేస్తే మాత్రం నీ పేరు లిస్టులోంచే తీసేస్తారు. ఇంట్లో చెప్పుకో."

పద్మ రిసీవరు పెట్టేసింది. ఏడవలేదు. "మా నాన్నే అత్తా" అంది.

మావైపు సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. సర్పంచిని మేం ప్రెసిడెంటు గారనే అంటాం. ఆఫీసులో ఏ పని పడినా ఆయన చేత ఒక మాట చెప్పించుకోకుండా వెళ్ళటమంటే, పెద్దమనిషి లేకుండా పెళ్ళిమాటలకు పోయినట్టే. అర్హత ఉన్నవాడూ చెప్పిస్తాడు, లేనివాడూ చెప్పిస్తాడు. బిడ్డ కోసం ఆ మాత్రం చెప్పించకపోతే తండ్రి పట్టించుకోలేదనుకుంటారు. సాంబయ్యన్న అందరు తండ్రులూ చేసేదే చేశాడు.

సాయంత్రం ఆయన పొలం నుంచి వస్తుంటే పద్మ నా బూత్ దగ్గరే ఆపి చెప్పింది. ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి బెంచీ మీద కూలబడ్డాడు.

"నేను చెడగొట్టానంటావా? ప్రెసిడెంటు గారు చెబితేనే గదే మనకి రేషన్ కార్డు వచ్చింది! మనకి కరెంటు వచ్చింది!"

"ఇది కరెంటు కాదు నాన్నా."

 ఆయన మొహంలో కొత్త ఆలోచన కనపడింది. నాకు భయమేసింది.

"అయితే ప్రెసిడెంటు మాట బరువు చాల్లేదన్నమాట. ఎమ్మెల్యే గారి మనుషుల చేత చెప్పిస్తా."

"మళ్ళీ ఫోన్ చేస్తే పేరే తీసేస్తామన్నారన్నా. నేనూ నా చెవులతో విన్నా" అన్నాను.

"అట్టాగే అంటారు చెల్లెమ్మా. పెద్దాళ్ళ గొంతు వింటే వాళ్ళే దిగొస్తారు" అని లేచి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారమంతా నాకు గుబులే. పద్మ బడికి పోతోంది, బూత్ వైపు రావట్లేదు. కానీ ఆ రెండో ఫోను ఏ క్షణాన ఎక్కడి నుంచి వెళుతుందో తెలియదు. నేను కలపకపోతే ప్రత్తిపాడులో ఇంకో బూత్ కలుపుతుంది.

ఆదివారం పొద్దున బూత్ ముందు మోటారు సైకిలు ఆగింది. ఎమ్మెల్యే గారి దగ్గర తిరిగే శేషగిరి గారు దిగారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. వెనక నుంచి సాంబయ్యన్న దిగి, తువ్వాలుతో బెంచీ తుడిచాడు.

"ఏమ్మా, గుంటూరు కాలేజీ మేడం గారింటికి కలుపు. నంబరిదిగో" అన్నారు శేషగిరి గారు.

నేను కాగితం తీసుకోలేదు. బూత్ పెట్టినప్పటి నుంచి ఎవరికీ కలపనని అనలేదు. లైను బాగాలేదని ఒక అబద్ధం నోటి దాకా వచ్చింది. మీటరు పక్కన లైటు వెలుగుతూనే ఉంది, ఆయన చూస్తూనే ఉన్నారు.

"ఆ నంబరు నేను కలపనండి."

"కలపవా? నీ పని ఫోన్ కలపడమా, మాకు చెప్పడమా?"

"ఏంది కోటమ్మా ఇది! పెద్దమనిషిని పిలుచుకొచ్చా, నా పరువేం గాను!" సాంబయ్యన్న గొంతు లేచింది. బస్సు కోసం నిలబడ్డ జనం ఇటు తిరిగారు. ఎవరో పోయి చెప్పినట్టున్నారు, పద్మ కల్లంలోంచి పరుగున వచ్చింది. మిరప ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు ముఖానికి తగలకుండా దూరంగా పట్టుకుంది. శేషగిరి గారికి నమస్కారం పెట్టి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఈయన చెబితే సీటొచ్చిందనుకో, ఈయన ఇప్పించారంటారు. పోయిందనుకో, నువ్వు పోగొట్టావంటారు. వచ్చినా పోయినా నాదయి ఉండనీ. నువ్వు దీంట్లో ఉండొద్దు."

శేషగిరి గారి మొహం మాడిపోయింది. "ఏం సాంబయ్యా, ఈ పిల్ల చేత అనిపించడానికేనా నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది?"

సాంబయ్యన్న ఇరుక్కుపోయాడు. కూతురి మాట కాదంటే సీటు పోతుందేమో. ఔనంటే, బతిమాలి తెచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపినట్టు. ఆయన నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అది కాదన్నా. అసలు పని వేరే ఉంది. మా చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కాయ దశలో నీళ్ళు లేక చేను వాడిపోతోంది. లైన్‌మెన్ మా మాట వింటల్లేదు. కరెంటాఫీసు ఏఈ గారికి నువ్వొక మాట చెబితే పదిమందికి మేలు."

అది నిజమే, ట్రాన్స్‌ఫార్మర్ నిజంగానే కాలిపోయింది. శేషగిరి గారు కాస్త సర్దుకుని, "మరి ముందే చెప్పొచ్చుగా" అన్నారు. ఆదివారం కాబట్టి, ఆయన చెప్పిన ఏఈ గారింటి నంబరుకు నేను వెంటనే కలిపాను. ఆయన అద్దాల గది దద్దరిల్లేలా మాట్లాడారు. రెండు రోజుల్లో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఆ పెద్దమనిషి పరువూ నిలిచింది, చేనూ నిలిచింది.

ఆయన వెళ్ళాక పద్మ తండ్రిని వదల్లేదు. "గుంటూరు రాకపోతే పక్క ఊరి జూనియర్ కాలేజీకి బస్సులో పోతా. ఇప్పుడే ఔనను. లేకపోతే పరీక్ష రాస్తున్నంతసేపూ నాకు ఇదే భయం."

"సరేలే, ముందు పరీక్షలు రాయవే తల్లీ" అన్నాడు సాంబయ్యన్న, ఒక యుద్ధం అయ్యాక ఇంకోటి చేసే ఓపిక లేక. ఆ మాట పుచ్చుకుని ఆ పిల్ల చదువులో పడింది. మళ్ళీ ఫలితాలొచ్చేదాకా ఫోను సంగతి అడగలేదు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. మార్కులు బాగా వచ్చాయి. కానీ అంతకంటే బాగా వచ్చినవాళ్ళు జిల్లాలో ఎందరున్నారో ఎవరికి తెలుసు? ఇప్పుడు ఫోను మోగితే ఉలిక్కిపడటం నా వంతయింది. ఒక మధ్యాహ్నం గుంటూరు నుంచి ఆడగొంతు వినిపించింది. ఆ కాలేజీ మేడం గారే. "పద్మకు చెప్పండి, సీటిచ్చాం. సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని రమ్మనండి."

కబురు పంపితే తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. చెప్పాను. పద్మ నవ్వలేక, ఏడవలేక నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. సాంబయ్యన్న మాత్రం తికమకపడ్డాడు.

"ఎవరు చెప్పారంట?"

"ఎవరూ చెప్పలేదన్నా. మార్కులు చూసి ఇచ్చారు."

"అట్టా కాదు చెల్లెమ్మా. ఎవరింటికన్నా పోయి ఒక నమస్కారం పెట్టి రావాలిగా. ఎవరికి పెట్టను?"

నేను పద్మను చూపించాను. ఆయన కూతురి వైపు తిరిగి నిలబడ్డాడు.  చివరికి, "ఎండగా ఉంది, సోడా తాగుతావా?" అన్నాడు.

ఆ తర్వాత కూడా నేను చాలా ఏళ్ళు బూత్ నడిపాను. సెల్‌ఫోన్లు వచ్చాకే మూసేశాను. సిఫార్సు ఫోన్లు రోజూ వచ్చేవి. ఉద్యోగానికి, లోనుకు, ఆసుపత్రిలో మంచానికి. వాటిని ఆపటం నా వల్ల అయ్యేది కాదు, అన్నీ ఆపదగ్గవి కూడా కావు. కానీ పద్మ సంగతయ్యాక, నంబరు నొక్కే ముందు ఒక మాట అడగటం నేర్చుకున్నాను. "ఎవరి కోసం చేస్తున్నారో వాళ్ళకు చెప్పే చేస్తున్నారా?" కొందరు కసురుకునేవాళ్ళు. కొందరు మాత్రం చేతిలో కాగితాన్ని మడిచి, "అడిగొస్తా" అని ఇంటికి వెళ్ళేవాళ్ళు.