కేను మూతి తుడిచిన దస్తీ

మొన్న మంగళవారం పొద్దున, గల్లీలో నల్లా వదిలే వేళకి మా పెద్దబాపు పోయారు. మా నాన్నకు అన్న. హైదరాబాద్ లాల్‌దర్వాజాలో మా రెండు కుటుంబాలదీ ఒకటే వాకిలి. బిందె కడుగుదామని లేచిన మనిషి, కాస్త ఆయాసంగా ఉందని గడప మీద కూర్చున్నారు. నేను ఛాయ్ పట్టుకొచ్చేలోగా అంతా అయిపోయింది. నల్లా మాత్రం పోతూనే ఉంది, కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

ఆయన గురించి కుదురుగా రాయాలని కూర్చుంటే కలం కదలడం లేదు. అసలు ఆయనే కుదురైన మనిషి కాదు. అన్నం తింటూ తింటూ లేచి ట్యాంకు మూత చూసొచ్చేవారు. పెళ్లికి తీసుకెళితే వంటవాళ్ల నీళ్ల డ్రమ్ముల దగ్గర తేలేవారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "మళ్ల చూద్దాం". నేను డిగ్రీ పాసయ్యానని ఎగురుకుంటూ వస్తే, "మళ్ల చూడు బిడ్డా, నంబర్ నీదేనా?" అన్నారు. మండిపోయింది నాకు. అయినా వెళ్లి మళ్లీ చూసుకున్నాను.

తూర్పు తీరంలో ఒక అణు విద్యుత్ కేంద్రంలో ఆయన ఉద్యోగం. అక్కడ యంత్రాలు చల్లబరచడానికి సముద్రపు నీళ్లు తోడుకుంటారు, వేడెక్కిన నీళ్లను మళ్లీ సముద్రంలోకి వదులుతారు. ఆ నీళ్ల వెంట రాకూడనిదేదైనా వస్తోందా అని కనిపెట్టుకుని ఉండే ల్యాబు ఒకటి కేంద్రం గోడ బయట, ఉద్యోగుల కాలనీలో ఉండేది. పడవెక్కి వెళ్లి, నీళ్లు కలిసే చోట కేను నింపుకొచ్చి, రేడియేషన్ పసిగట్టే మిషన్లో పెట్టి చూడటం పెద్దబాపు పని. పత్తర్‌గట్టిలో మా నాన్నకు బట్టల దుకాణం ఉండేది. మీ అన్న ఏం చేస్తాడని ఎవరడిగినా, "సముద్రానికి చౌకీదార్ భాయ్" అని మా నాన్న నవ్వేవాడు. సెలవు మీద వచ్చిన అన్నకు తిరిగి వెళ్లేటప్పుడు దుకాణంలోంచి జేబులో పెట్టుకునే కొత్త దస్తీలు కట్టి ఇచ్చేవాడు.

అక్కడి అలవాట్లన్నీ ఇంటికి మోసుకొచ్చేవారు పెద్దబాపు. కేను నింపే ముందు, ఏ నీళ్లు పట్టబోతున్నారో ఆ నీళ్లతోనే దాన్ని కడగాలట. ఇంట్లో బిందెకూ అదే నియమం. నేను నిన్నటి నీళ్లతో కడిగితే అక్కడే పట్టుకునేవారు. "గిట్ల కడిగితె నిన్నటి నీళ్ల ముచ్చటే వినవడ్తది. ఇయ్యాల్టి నీళ్లను చెప్పనియ్యి." గల్లీలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వెనక నిలబడి ఉంటే, ఈయన తీరిగ్గా కడుగుతుండేవారు. ఎంత లొల్లి అయ్యేదో చెప్పలేను.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో ఎన్నోసార్లు విన్న సంగతి. చివరిదాకా ఆయన్ని నిలవనీయనిది అదే.

పెద్దమ్మకు థైరాయిడ్ జబ్బు చేసి, ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో అయోడిన్ మందు తాగించారు. అది మామూలు అయోడిన్ కాదు, రేడియేషన్ ఉన్నది. ఇంటికొచ్చాక కొద్దిరోజులు విడిగా ఉండాలి, బట్టలు విడిగా ఉతకాలి, ఎవరూ దగ్గరికి పోకూడదు. ఆ మందు చెమటలో, ఉమ్మిలో, కన్నీళ్లలో కూడా బయటికొస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది పెద్దబాపుకే. సెలవు పెట్టి వచ్చి, నియమాలన్నీ ఆయనే నడిపించారు. మేము తలుపు దాకా వెళ్లినా గదిమేవారు. తిరుగు ప్రయాణం రోజు లోపల పెద్దమ్మ ఏడుస్తోంది. అంటరానిదానిలా పడేశారని ఏడుపు. ఈయన బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశారు. చివరికి లోపలికి పోయి, దస్తీతో ఆమె మొహం తుడిచి, దస్తీ జేబులో పెట్టుకుని రైలెక్కేశారు.

మర్నాడు పడవ మీద కేను నింపి, అలవాటు కొద్దీ జేబులోంచి దస్తీ తీసి కేను మూతి తుడిచారు.

మిషన్ అయోడిన్ చూపించింది, కేంద్రంలోంచి ఏదైనా కారితే నీళ్లలో కనబడేదీ అదే. సాయంత్రానికల్లా సంగతి రేవుకు పాకింది. చేపలు కొనేవాళ్లు రాలేదు, పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. పెద్దబాపు నిద్రాహారాలు మాని మళ్లీ కేను నింపారు, మళ్లీ అయోడిన్. ఇంకొకరి చేత నింపిస్తే లేదు. అప్పుడు తట్టింది ఆయనకు. దస్తీ తీసి మిషన్లో పెడితే అయోడినే అయోడిన్. మిషన్ పాడైందని చెబుదాం, నీ పేరు రాదు అన్నారట పై ఆఫీసరు. "మిషన్ మంచిగున్నది సార్, మనిషే గలీజు చేసిండు" అని ఈయన నేరుగా రేవుకు పోయారు. నా భార్య కన్నీళ్లు తుడిచిన దస్తీతో కేను తుడిచాను, తప్పు నాది, సముద్రానిది కాదు అని అందరి ముందూ చెప్పారు.

కొందరు నవ్వారట. ఒక పడవాయన మాత్రం నవ్వలేదు. ఈయన్ని రోజూ సముద్రం మీదికి తీసుకెళ్లేది ఆయనే. "కేంద్రం తప్పు దాచడానికి ఇంటి ఆడమనిషిని అడ్డం పెడతావా?" అని మొహం మీదే అడిగాడట.

ఆ మాట పెద్దబాపు లోపల దిగబడిపోయింది. ఆనాటి నుంచి కేను ముట్టుకోవడం మానేశారు. పడవాయనే తన చేత్తో కడిగి, నింపి, మూత పెట్టాలి. తర్వాత ఒకసారి మేమంతా అక్కడికి వెళ్లినప్పుడు నేనూ పడవెక్కాను. పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, కేను మూతికున్న తడి గాలికే ఆరాలి. ఇంట్లో కూడా చేతులు కడుక్కుని విదిలించేవారే కానీ దేనికీ తుడిచేవారు కాదు, పక్కనున్న మా మీద చినుకులు పడేవి. జేబులో దస్తీ మాత్రం ఉండేది. ఎందుకని అడిగితే, "గిది మీ పెద్దమ్మది" అనేవారు. ఆమె మొహం కడుక్కుంటే అందించి, ఆమె తిరిగిస్తే మడిచి జేబులో పెట్టుకునేవారు. చూసి మేము ఏడిపించేవాళ్లం.

రిటైరయి వచ్చేశాక కూడా, కేను నింపిన రోజు పడవాయన ఫోన్ చేసేవాడు. వచ్చీరాని తెలుగులో ఒకటే మాట.

"నింపినాను. తుడవలేదు."

"నమ్మినవా అన్నా?" అని ఈయన అడిగేవారు.

"నమ్మలేదు."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఫోన్ పెట్టేశాక పెద్దబాపు వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉండేవారు. పోయే ముందు వారం కూడా నన్ను అడిగారు. "గాయన నమ్మిండంటవా బిడ్డా? నమ్మలేదని మాట వరకే అంటున్నడా, మనసుల గూడ గంతేనా?"

"ఫికర్ జేయకు పెద్దబాపు, నమ్మే ఉంటడు" అన్నాను.

"మళ్ల చూద్దాం" అన్నారు.

దినాలు జరుగుతుండగా పెద్దబాపు ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "నింపినాను. తుడవలేదు," అన్నాడు పడవాయన. ఇలా జరిగిందని చెప్పాను. అటునుంచి గాలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"అమ్మ ఏడుస్తుందా?" అని అడిగాడు చివరికి.

"ఏడుస్తోంది."

"తుడవడానికి ఎవరున్నారు?"

దస్తీ సంగతి నమ్మినవాడే అడగగలిగే మాట అది. ఇంతకాలం నమ్మలేదు నమ్మలేదు అన్న మనిషి! ఈ ఒక్క మాట కోసం పెద్దబాపు వాకిలి అరిగేలా తిరిగారు. ఒక్క వారం ముందు అడిగి ఉంటే ఏం పోయేదయ్యా అని అరవాలనిపించింది. "నేనున్న" అన్నాను, అంతే.

లోపలికి వెళ్లి ఉతికిన దస్తీ ఒకటి తీసుకుని వచ్చాను. నల్లా దగ్గర కూర్చున్న పెద్దమ్మకు ఇచ్చి, పడవాయన అడిగిన మాట చెప్పాను. ఆమె మొహం తుడుచుకుంది. దస్తీని మడిచి, తల తిప్పకుండానే, ఎప్పుడూ ఆయన నిలబడే పక్కకు చాచింది. తీసుకునే చెయ్యి లేదు. దస్తీ పట్టుకున్న ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.